ఇచ్ఛాపూర్ దాకా నడిచిన స్పీడ్ బ్రేకర్

పొద్దున లేచి, నోట్లో బ్రష్షుతో మేడ మీది నుంచి గల్లీలోకి తొంగి చూడడం రవీంద్రకు అలవాటు. స్పీడ్ బ్రేకర్ ఆ రోజు ఎక్కడ పండుకుందో తెలిస్తే గానీ కారు ఎటు నుంచి తీయాలో తేలదు.

"అమ్మా, ఇయ్యాల యాడుందే?"

పద్మారాణి వాకిట్లో నీళ్ళు చల్లుతూ తల ఎత్తకుండానే చెప్పింది. "ఆగయ్య తాత చాయ్ బండి కాడ. నేను లేచేటాల్లకే వచ్చి పండుకున్నది."

"మల్ల గీడనేనా?"

"నన్నడిగితే? దాన్నడుగు."

పరాయి రాష్ట్రపు బట్టల నగరంలో, పర్వత్ పాటియాలో, ఆ గల్లీ అంతా తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలదే. కింది గదుల్లో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఆగకుండా ఆడుతుంటాయి. పై గదుల్లో మనుషులు ఆ మోతను దాటి వినబడేట్టు గొంతు పెంచి మాట్లాడుకుంటారు. కొత్తగా వచ్చిన చుట్టాలు వీళ్ళు పొద్దస్తమానం కొట్లాడుకుంటున్నారనుకుంటారు గానీ, వాళ్ళు కూరలో ఉప్పు గురించి మాట్లాడుకుంటుంటారు.

ఆ బ్రేకర్‌ను గల్లీవాళ్ళే వేసుకున్నారు. కొన్నేళ్ళ కింద ఎవరో కుర్రాడి మోటార్ సైకిల్ గుద్ది ఆగయ్య కాలు విరిగింది. మళ్ళీ సాంచ ముందు నిలబడే శక్తి లేక ఆయన చాయ్ బండి పెట్టుకున్నాడు. అప్పుడే అందరూ కలిసి కూల్చిన గోడ తాలూకు పెళ్ళలు తెచ్చారు, ఆడవాళ్ళు తట్టలతో కంకర మోశారు, ఎవరో తారు సంపాదించారు. రవీంద్ర తండ్రి ముత్యం పాత సాంచ రోలర్ ఒకటి దొర్లించి దాన్ని చదును చేశాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు గల్లీ చివర ఉన్న బడి తన గేటును వెనక సందులోకి మార్చుకుంది. మర్నాడు పొద్దున బ్రేకర్ వెనక సందులో, కొత్త గేటు ముందు ఉంది.

"బడి గేటు మారింది గదా," అన్నారు అందరూ. అంతే. అప్పటి నుంచి అది ఎక్కడ అవసరమైతే అక్కడికి పోతూ వచ్చింది. కూరగాయల బండ్లు దాని వెనక భయం లేకుండా ఆగేవి. పక్కింటి సుమనకు నొప్పులు మొదలైన రోజు ఆటో వేగంగా వస్తుంటే, అది మోరీ పక్కకు ఒదిగి, పొట్ట లోపలికి పీల్చుకున్నట్టు అణిగిపోయింది. ఆటో కుదుపు లేకుండా దాటింది. ఇరవై ఒకటో రోజు సుమన బిడ్డను ఎత్తుకుని వచ్చి దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి పోయింది.

రవీంద్రకు మాత్రం దానితో పడేది కాదు. కారణం అతని కారు.

సాంచాల మోతలో పుట్టి పెరిగిన వాడికి నిశ్శబ్దమంటే ఏమిటో చాలా ఏళ్ళ దాకా తెలియదు. పన్నెండో తరగతి అయ్యాక రింగ్ రోడ్డులో కార్ల సామాన్ల దుకాణంలో పనికి కుదిరాడు. సీటు కవర్లు తొడగడం, స్పీకర్లు బిగించడం. ఒకరోజు ఎవరిదో కారులో కూర్చుని తలుపు వేసుకుని అద్దాలు పైకెక్కించాడు. తన ఊపిరి తనకే వినబడింది. ఆ రోజే అనుకున్నాడు, నాకూ ఒకటి కావాలని. సెకండ్ హ్యాండులో నల్ల కారు కొన్నాడు. మొదట్లో అద్దాలు ఎక్కించి, గల్లీలో నిలబెట్టి, ఊరికే అందులో కూర్చునేవాడు.

వేగం తర్వాత వచ్చింది. దాన్ని తెచ్చింది పరమేశ్.

పరమేశ్ బడిలో రవీంద్ర పక్కన కూర్చున్న వాడు. వాళ్ళ నాన్నకు రైల్వేలో ఉద్యోగం, ఉధనాలో క్వార్టర్. మంచి మనసు. ముత్యానికి డెంగ్యూ వచ్చినప్పుడు రోజూ తన తెల్ల కారులో ఆసుపత్రికి తిప్పింది అతనే. కానీ స్టీరింగ్ పట్టుకుంటే అతనిలో ఇంకెవరో దూరేవాడు. డాష్‌బోర్డు మీద ఫోను బిగించి, తాను నడపడం తానే వీడియో తీసి పెట్టేవాడు. చూసేవాళ్ళు చాలామంది. "నీ కారు ఎత్తుగ ఉన్నది భాయ్, బర్రె నడిచినట్టు నడుస్తది," అని రవీంద్రతో స్ప్రింగులు కోయించాడు. సైలెన్సర్ మార్పించాడు. నిశ్శబ్దం కోసం కొన్న కారు ఇప్పుడు స్టార్ట్ చేస్తే సాంచాల మోతను మించి అరిచేది. నేలకు ఎంత దగ్గరయిందంటే, బ్రేకర్ మీదికి ఎక్కిన ప్రతిసారీ దాని పొట్ట గీసుకుని నిప్పురవ్వలు లేచేవి.

అందుకే రోజూ ఆ ప్రశ్న. ఇయ్యాల యాడుందే?

*

ఒకనాడు సాయంత్రం బ్రేకర్ బడి సందులో ఉంది. గల్లీ ఖాళీగా, సాపుగా కనబడింది. పరమేశ్ గల్లీ చివర ఫోను పట్టుకుని నిలబడి చెయ్యి ఊపాడు. రవీంద్ర క్లచ్ వదిలాడు. కారు ఎగిరినట్టు పోయింది. అప్పుడే సుమన బిడ్డ, అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్ల, గడప దాటి రోడ్డు మీదికి వచ్చింది.

టైర్లు కీచుమన్నాయి. కారు ఆగింది. పిల్ల బంపర్ మీద అరచెయ్యి పెట్టి, నవ్వుతూ నిలబడి ఉంది.

సుమన వచ్చి పిల్లను ఎత్తుకుంది. ఏమీ అనలేదు. రవీంద్ర వైపు చూడను కూడా చూడలేదు. లోపలికి పోయి తలుపు వేసుకుంది. రోజూ "తమ్మీ" అని పలకరించే మనిషి తలుపు వేసుకున్న చప్పుడు, ఎందుకో, సాంచాల మోతలో కూడా వినబడింది.

ఆ పూట అన్నం దగ్గర ముత్యం అడిగాడు. "ఏందిరా, ఇయ్యాల గల్లీల?"

"కారు ఆగింది గదా బాపూ."

"ఆగింది. ఆగకపోతే?"

"నాకు చెయ్యి తిరిగింది. ఆపుకుంట నేను."

ముత్యం ముద్ద కలపడం ఆపాడు. "సాంచ మీద వేలు పోగొట్టుకున్నోళ్ళు ఎవరనుకున్నవ్? కొత్తోళ్ళు కాదు బిడ్డా. కొత్తోనికి భయముంటది. చెయ్యి తిరిగినోళ్ళే అందరు."

తండ్రి చెప్పింది తనకు వర్తించదని రవీంద్ర మనసులో గట్టిగా అనుకున్నాడు. కడుపు నిండకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున బ్రేకర్ అతని కారు ముందు ఉంది. టైర్లకు ఆనుకుని, దిండు పెట్టుకున్నట్టు పండుకుని ఉంది. వెనక్కి తీసి అటు తిరిగితే, మరునాడు వెనక ఉంది. దుకాణం నుంచి వచ్చేసరికి గల్లీ మొదట్లో కాచుకుని ఉండేది. కారును ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రమూ ఎక్కించి దించుతుంటే పొట్ట గీసుకున్న చప్పుడుకు అతని పళ్ళు జిల్లుమనేవి.

"నీ ఒక్కని వెంటనే పడ్డది," అన్నాడు ఆగయ్య, చాయ్ గ్లాసు అందిస్తూ. "బడి దిక్కు పోతనేలేదు. మీ అమ్మా, సుమనా వంతులేసుకుని, బండ్లనాపేటందుకు కట్టె పట్టుకుని గేటు కాడ నిలబడుతున్రు, ఎర్కనా?"

"నేనేమన్న రమ్మన్ననా తాతా దాన్ని?"

"రమ్మనలే. కానీ వచ్చేటట్టు చేసుకున్నవ్."

ఆగయ్య కోపంగా అనలేదు. ఆయన కుంటుకుంటూ పోయి ఇంకొకరికి చాయ్ పోశాడు. రవీంద్ర గ్లాసు సగంలోనే బండి మీద పెట్టేశాడు. గల్లీ అంతా తనను ఒక కంట చూస్తోంది, మాట అనడం లేదు. తిడితే తిరిగి ఏదైనా అనవచ్చు. అనని వాళ్ళతో ఏం చేస్తాడు?

పరమేశే దారి చెప్పాడు. "మీ గల్లీల పెడితే గదా లొల్లి. మా క్వార్టర్ ముంగట పెట్టు. దుకాణం కాడికి బస్సుల పో. ఆదివారం నేనూ నువ్వూ హజీరా రోడ్డు మీద చూసుకుందాం. నా తెల్లదా, నీ నల్లదా. వీడియోల చెప్పేసిన కూడా."

రవీంద్ర కారు ఉధనాకు చేర్చాడు. బ్రేకర్ రెండు రోజులు కారు నిలిచే చోట, నూనె మరకల మీద, ఊరికే పండుకుంది. మూడో రోజు పొద్దున అది గల్లీలో లేదు. బడి దగ్గర లేదు. చాయ్ బండి దగ్గర లేదు. ఆడవాళ్ళు సందులన్నీ వెతికారు.

మొదటి ఫోను ముత్యం దోస్తు నుంచి వచ్చింది, బట్టల మార్కెట్లో మూటలు మోసే మనిషి. సహారా దర్వాజా దగ్గర ఫ్లైఓవర్ కింద చూశానన్నాడు. రోడ్డు వారగా, మెల్లగా పోతోందట. దాని వెనక టెంపోలు హారన్ కొట్టకుండా నిదానంగా వస్తున్నాయట. సాయంత్రానికి అఠ్వా గేటు దగ్గర ఉందని ఇంకొకరు చెప్పారు. అక్కడ ట్రాఫిక్ పోలీసు చెయ్యి అడ్డం పెట్టి, బండ్లను ఆపి, దాన్ని దాటనిచ్చాడట. మర్నాడు తాపీ వంతెన మీద కనిపించింది. ఎండకు తారు మెత్తబడి, అంచులు రాలుతున్నాయని చెప్పారు. ఆ తర్వాత అడాజణ్. తర్వాత పాల్.

పద్మారాణి ఒక్కో ఫోను వింటూ, చీరకు రాళ్ళు అతికించే పని ఆపేసేది. శనివారం ఆమె కొడుకును పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇచ్ఛాపూర్ చేరిందట, హజీరా రోడ్డు మీద."

"ఊఁ."

"గంత దూరం ఎందుకు పోయిందో నాకు ఎర్కే. నీకు ఎర్క లేదా?"

రవీంద్ర తల దించుకుని ఆమె ముందున్న రాళ్ళను వేలితో కదిపాడు. ఎరుపు ఒకవైపు, ఆకుపచ్చ ఒకవైపు.

"రేపు పందానికి పోకురా. పరమేశ్ వీడియో గల్లీల అందరు చూసిన్రు."

"మాటిచ్చిన అమ్మా. అందరు చూస్తరు. పోకపోతే భయపడ్డడంటరు."

"అంటే అననియ్యి."

"నీకు తెల్వదమ్మా," అని లేచాడు. ఆమె అతని చొక్కా కొస పట్టుకుంది, చిన్నప్పుడు పట్టుకున్నట్టు. తర్వాత తనే వదిలేసింది.

*

ఆదివారం పొద్దెక్కాక ఇద్దరూ ఇచ్ఛాపూర్ దాటి, ఫ్యాక్టరీల వైపు పోయే రోడ్డు చేరారు. రెండు వరసల రోడ్డు, తిన్నగా పోయి, దూరాన తుమ్మచెట్ల దగ్గర ఎడమకు తిరుగుతుంది. మలుపు అవతల కంపెనీ బస్సులు ఆగే చోటు. ఉదయం పాళీకి, అంటే షిఫ్టుకు, మనుషుల్ని తెచ్చే బస్సు ఎప్పుడో వచ్చి పోయి ఉంటుందని పరమేశ్ లెక్క. అతను ముందు ఆదివారాలు కూడా చూసి పెట్టుకున్నాడు. ఆ రోజు బస్సు టైరు పంక్చరై ఆలస్యమైందని వాళ్ళకెలా తెలుస్తుంది?

రవీంద్ర ముందుగా రోడ్డు చివరిదాకా మెల్లగా పోయి చూసి వచ్చాడు. బ్రేకర్ కనిపించింది. రోడ్డు దిగి, మలుపుకు ఇవతల తుమ్మచెట్టు నీడలో, దుమ్ములో పండుకుని ఉంది. అంచులు రాలిపోయాయి. నడుము దగ్గర పగులు. అంత దూరం నడిచిన ముసలి ప్రాణంలా ఉంది.

అతను కారు ఆపాడు. దిగి, రెండడుగులు వేసి, మళ్ళీ ఎక్కేశాడు. ఏమని పలకరిస్తాడు?

"ఉంది," అన్నాడు పరమేశ్‌తో, వెనక్కి వచ్చి. "కానీ చెట్టు కింద ఉంది. రోడ్డు మీద లేదు."

"అలసిపోయి ఉంటది పాపం," అన్నాడు పరమేశ్ నిజంగానే. "పోయేటప్పుడు టెంపోల వేసుకుని మీ గల్లీల దింపుదాం." డాష్‌బోర్డు మీద ఫోను సరి చేసుకున్నాడు. జుట్టు సరి చేసుకున్నాడు. "చల్ భాయ్."

రెండు కార్లూ పక్కపక్కన నిలిచాయి. ఒకేసారి కదిలాయి.

రవీంద్ర నిజంగా బాగా నడుపుతాడు. ఆ మాట ఎవరూ కాదనలేరు. గేరు మారడం బయటి వాళ్ళకు తెలియదు. రోడ్డు సగం దాటేసరికి నల్ల కారు ముందుకు వచ్చింది. రోడ్డు పక్క పొదలు ఆకుపచ్చ గీతలా కలిసిపోయాయి. అతనికి అమ్మ గుర్తు రాలేదు, బాపు గుర్తు రాలేదు. లోకంలో మలుపు ఒక్కటే మిగిలింది. ఈ వేగంతోనే దాన్ని తిరగగలనని అతనికి రవ్వంత అనుమానం కూడా లేదు.

అప్పుడు కనిపించింది. తుమ్మచెట్టు కింద లేదు. రోడ్డుకు అడ్డంగా, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒళ్ళు సాగదీసుకుని పండుకుని ఉంది.

జాతరలో జనం మధ్య కూడా మన ఇంటి మనిషి నడకను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు. ఆలోచించలేదు. నెలల తరబడి దాన్ని దాటిన కాలు తనంతట తానే బ్రేకు మీద పడింది. కారు ముక్కు కిందికి వంగి, వెనక భాగం లేచి, రబ్బరు కాలిన వాసన కొట్టింది. చివరికి నల్ల కారు బ్రేకర్ మీదికి ఎక్కి, పొట్ట దాని మీద ఆనుకుని, నాలుగు చక్రాలూ నేల అందక, ఒడ్డున పడ్డ పడవలా ఆగిపోయింది.

పరమేశ్ ఒక్క లిప్త ఆలస్యంగా బ్రేకు వేశాడు. తెల్ల కారు బ్రేకర్ మీద ఎగిరింది. నేలకు దిగేసరికి దాని ముఖం ఎడమకు తిరిగి ఉంది. రోడ్డు దిగి, పొదల్ని చీల్చుకుంటూ పోయి, మలుపుకు ఇవతలే బురద గుంటలో బోర్లా పడింది.

ఇంజను ఆగింది. రవీంద్రకు తన ఊపిరి వినబడింది. ఆ తర్వాత మలుపు అవతలి నుంచి మనుషుల మాటలు వినబడ్డాయి. చాలామంది మాటలు, రోడ్డు మధ్య నుంచి.

అతను తలుపు తెరుచుకుని పరిగెత్తేసరికి వాళ్ళు కూడా పరిగెత్తుకొస్తున్నారు. బస్సు అప్పుడే దించిన జనం, మలుపు దాటగానే రోడ్డు దాటుతూ ఉన్నవాళ్ళు. ఒరియా వాళ్ళు, బీహారీలు, మరాఠీ ఆడవాళ్ళు. భుజాన సంచులు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు. వాళ్ళ ముందు ఒక లావుపాటి ఆవిడ, చున్నీ నడుముకు బిగించుకుంటూ.

"పకడో, పకడో. ఉధర్ సే ఉఠావ్," అని హిందీలో అరుస్తూ ఆమె బురదలోకి దిగింది. మిగతావాళ్ళు డబ్బాలు ఎక్కడివక్కడ పడేసి దిగారు. ఒట్టి చేతులతో కారును ఎత్తారు. కాళ్ళు బురదలో దిగబడుతుంటే, ఒకరి భుజం ఒకరికి ఆన్చి ఎత్తారు. ఇద్దరు లోపలికి దూరి పరమేశ్‌ను లాగారు. అతని కుడి కాలు ఉండవలసిన వైపు లేదు. రక్తం ఆగడం లేదు.

"అమ్మా," అన్నాడు రవీంద్ర. "అమ్మా, వాడు..."

లావుపాటి ఆవిడ తల తిప్పింది. "మనోళ్ళా? పానముంది బిడ్డా. ఏడ్వకు. జర పక్కకు జరుగు." ఆమె చున్నీ విప్పి తొడ పైన గట్టిగా కట్టింది. ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు. ఎవరో అప్పటికే అంబులెన్సుకు ఫోను చేస్తున్నారు.

రవీంద్ర పక్కకు జరిగి నిలబడ్డాడు. అప్పుడు చూశాడు వాళ్ళ ముఖాలు. నూనె రాసి దువ్విన తల ఒకడిది, ఇంకా తడి ఆరలేదు. చెప్పు ఒకటి బురదలో పోయి ఒంటి చెప్పుతో నిలబడ్డ పిల్ల ఒకతె. రోడ్డు మీద ఒక డబ్బా తెరుచుకుని ఆలుగడ్డ కూర ఒలికి ఉంది. ఎవరో తెల్లవారక ముందే లేచి వండింది. మలుపు తిరిగి ఉంటే ఆ డబ్బా మోసిన మనిషి తన కారు ముందు ఉండేవాడు. వీళ్ళంతా ఉండేవాళ్ళు. అతను రోడ్డు వారన కూలబడ్డాడు.

"ఏమైంది భయ్యా, నీకు కూడ దెబ్బ తగిలిందా?" అని ఒంటి చెప్పు పిల్ల అతని ముందు వంగి హిందీలో అడిగింది.

అతను ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

*

పోలీసులు వచ్చారు, కేసు రాశారు. రవీంద్ర జరిగింది జరిగినట్టు చెప్పాడు. లైసెన్సు పోయింది. నల్ల కారు పోలీస్ స్టేషను ఆవరణలో ఎండకు పడి ఉంది. దాన్ని విడిపించుకోవాలని అతనికి తోచలేదు. పరమేశ్ కాలిలో ఇనుప కడ్డీ వేశారు. మోకాలు ఇక పూర్తిగా వంగదని, కర్రతో నడవాలంటే కూడా చాలా ఓపిక కావాలని డాక్టర్ చెప్పాడు. వాళ్ళ అమ్మ మంచం పక్కన కూర్చుని, రవీంద్ర వచ్చినప్పుడల్లా స్టూలు అతని వైపు జరిపేది. మాట్లాడేది కాదు.

ఒకరోజు పరమేశ్ అడిగాడు, పైకప్పు చూస్తూ. "నువ్వు ఎట్ల ఆగినవ్?"

"మన బ్రేకర్ ఉండె."

"మరి నాకెందుకు ముందుగాల కనబడలే? చాలాసేపు ఆలోచించిన. ఎందుకు కనబడలే?"

రవీంద్ర స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "నువ్వు ఫోను దిక్కు చూసినవ్, పరమేశ్. నీ వీడియోల కనబడ్డది."

పరమేశ్ గోడ వైపు తిరగాలని చూశాడు గానీ కాలు తిరగనివ్వలేదు. ఆ రోజు నుంచి అతను నడక నేర్పే మనిషి వస్తే వెనక్కి పంపించేవాడు. "నడిచి ఏం చెయ్యాలె?" అనేవాడు. అన్నం కూడా సగం వదిలేసేవాడు.

గల్లీవాళ్ళు టెంపో మాట్లాడుకుని బ్రేకర్‌ను తెచ్చుకోవడానికి ఇచ్ఛాపూర్ పోయారు. ముత్యం దాని చుట్టూ తిరిగి చూశాడు. కారు బరువుకు నడుము దగ్గర పగులు పెద్దదైంది. దాన్ని అప్పటికే అక్కడి మనుషులు సిమెంటుతో పూడ్చారు. ఎవరో దాని మీద పసుపు గీతలు కూడా గీశారు. వీళ్ళు చూస్తుండగానే బస్సు ఒకటి వచ్చి నెమ్మదించి, దాన్ని దాటి, జనాన్ని దించింది.

"గీడనే ఉండనియ్యిన్రి," అన్నాడు ఆగయ్య. ఖాళీ టెంపోతో తిరిగి వచ్చారు. వచ్చిన వారంలోనే బడి ముందు ఇంకొకటి వేసుకున్నారు. అది ఇప్పటిదాకా కదలలేదు.

ఆ తర్వాత రవీంద్ర ఒకనాడు దుకాణానికి సెలవు పెట్టి బస్సెక్కి ఇచ్ఛాపూర్ పోయాడు. చేతిలో కొత్త చున్నీ, పద్మారాణి స్వయంగా అంచు కుట్టి ఇచ్చింది. పాళీ దిగి బస్సు కోసం వరసలో నిలబడ్డ జనంలో లావుపాటి ఆవిడను వెతికాడు. ఆమె పేరు సంగీత అని, కంపెనీ క్యాంటీన్‌లో వంట చేస్తుందని పక్కవాళ్ళు చెప్పారు.

"అక్కా," అన్నాడు. "ఆ రోజు మా దోస్తుకు మీరు..."

"గుర్తుపట్టిన. ఎట్లున్నడు పిల్లగాడు?"

"బతికిండు. కాలు..." చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది. చున్నీ తీసుకుని, అంచు చూసి, బాగుందన్నట్టు తలాడించి సంచిలో పెట్టుకుంది.

అతను ఇంకా నిలబడి ఉన్నాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాట ఇంకా మిగిలే ఉంది. "అక్కా, మీకొకటి చెప్పాలె. ఆ రోజు మేము ఆగకపోతే..."

"మా మీదికి వచ్చేటోళ్ళు," అంది సంగీత. "ఎర్కే నాకు. మలుపు కాడ చెట్ల సందుల నుంచి చూసిన మీరు వచ్చుడు. దూరంకెల్లే కనబడ్డరు."

రవీంద్ర ఆమె దగ్గరికి జరిగాడు. "మరి అప్పుడెందుకు తిట్టలే?"

"అప్పుడు పనుండె. మనిషిని తియ్యాలె ముందు." ఆమె సంచి కింద పెట్టింది. చెమట తుడుచుకుంది. "ఇప్పుడు తీరిక ఉన్నది. నిలబడు."

ఇక మొదలుపెట్టింది. సంగీత తిట్లు ఆ వరసలో వాళ్ళందరూ ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఏందిరా, రోడ్డు మీ అయ్య నేసిన బట్టనా, చింపుకుందామన్నట్టు వచ్చిన్రు?" అని అడిగింది. తన కూతురు పరీక్ష ఫీజు కట్టడానికి ఆ రోజు సాయంత్రం తన కోసం కూర్చుని ఉన్న సంగతి చెప్పింది. ఒంటి చెప్పుతో పాళీ అంతా నిలబడ్డ పిల్ల సంగతి చెప్పింది. ఆలుగడ్డ కూర ఎవరిదో, వాడు ఆ రోజు ఏం తిన్నాడో చెప్పింది. మధ్యలో ఒరియా ముసలాయన తన భాషలో అందుకున్నాడు. మరాఠీ ఆవిడ తన భాషలో. రవీంద్రకు కొన్ని అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. అన్నీ విన్నాడు, తల వంచుకోకుండా, ఎవరు మాట్లాడితే వాళ్ళ ముఖంలోకి చూస్తూ. సుమన తలుపు వేసుకున్న నాటి నుంచి గుండెలో బిగుసుకున్నదేదో మొదటిసారి వదులవుతోంది.

బస్సు వచ్చింది. సంగీత ఊపిరి తీసుకుని సంచి ఎత్తుకుంది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"ఆ ఇంకో పిల్లగాన్ని ఎవరన్న తిట్టిన్రా?"

"లేదక్కా. అందరు పాపమని ఊకున్నరు. వాడు లేస్తలేడు. నడవనంటున్నడు."

"ఏ దవాఖాన?"

చెప్పాడు. ఆమె తలూపి ఎక్కేసింది.

ఆదివారం ఆమె నిజంగానే వచ్చింది. కొత్త చున్నీ వేసుకుని, చేతిలో క్యారియర్‌తో వార్డులోకి నడిచి, మంచాలన్నీ చూసుకుంటూ వచ్చి పరమేశ్ ముందు నిలబడింది. పరమేశ్ ఎవరన్నట్టు చూశాడు. రవీంద్ర చెప్పబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నిన్ను బురదల నుంచి గుంజిన చేతులివి. గిట్ల పండుకునేటందుకు గుంజలే," అంది. అక్కడి నుంచి ఆపలేదు. పక్క మంచాల రోగులు లేచి కూర్చున్నారు. నర్సు తలుపు దగ్గర నిలబడి లోపలికి రాలేదు. పరమేశ్ మొదట తెల్లబోయాడు, తర్వాత కోపం వచ్చింది, ఎదురు మాట అనబోయాడు. సంగీత వినలేదు. తిడుతూనే దుప్పటి లాగింది, తిడుతూనే అతని కాళ్ళు మంచం కిందికి దింపింది. ఒక చంక కింద తన భుజం పెట్టి, కళ్ళతోనే రవీంద్రను రెండో వైపు రమ్మంది. పరమేశ్ వాళ్ళమ్మ స్టూలు మీది నుంచి లేచి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, దారికి అడ్డమున్న చెప్పులు పక్కకు తీసింది.

"పోరగాడు గాలిలెక్క తిరిగెటోడట. ఏది, ఇప్పుడు తిరుగు చూస్త. భయమైతున్నదా? కావాలె. భయంతోనే వెయ్యి."

పరమేశ్ రవీంద్ర భుజాన్ని గోళ్ళు దిగేలా పట్టుకున్నాడు. ఆమె తిట్టు ఒకటి పూర్తయి ఇంకొకటి మొదలయ్యే సందులో, కుడి కాలు నేల మీద పెట్టి, బరువు మోపి, ముందుకు ఒక అడుగు వేశాడు.